మైనస్ ఎందుకో చెప్పని నోట్సు

నేను ఒక పలుచటి నోట్సుని. పదో తరగతి లెక్కలు, భౌతికశాస్త్రం రెండూ నా ఒక్కదాని కడుపులో సర్దుకున్నాయి. నా కడుపు పెద్దదై కాదు, ఆ రెండింటినీ అంతగా కోసేశారు గనుక. నా మొదటి పేజీ మీద గుండ్రటి అక్షరాలతో 'పాస్ మెటీరియల్, సి గ్రూపు' అని రాసి ఉంటుంది. ఎవరు ఎంతవరకు వెళ్ళాలో పుట్టగానే గీత గీసిపెట్టడం మనుషులకు అలవాటే. చాలామంది విషయంలో ఆ గీత కంటికి కనబడదు. నా విషయంలో స్కేలు పెట్టి గీశారు.

నా పుట్టుక మాత్రం ముచ్చటైనది. అది చెప్పకుండా మిగతాది చెప్తే నాకు నేనే అన్యాయం చేసుకున్నట్టు.

ఆదోనిలో ఒక మేడ మీది వాటాలో నాగేశయ్య సారు, సువర్ణ కాపురం పెట్టి అప్పటికి కొద్ది నెలలే. గ్యాస్ పొయ్యి మీది స్టిక్కరు కూడా ఇంకా ఊడలేదు. పెళ్ళికి వచ్చిన గోడ గడియారాల్లో ఏది తగిలించాలో తేలక అన్నీ మంచం కిందే టిక్కుటిక్కుమంటూ ఉండేవి. సారు కౌతాళం దారిలోని ఒక పల్లె హైస్కూలుకు ఆ చలికాలం మొదట్లోనే బదిలీ మీద వచ్చారు. లెక్కల్లో గట్టివారు. చేతిరాత మాత్రం కోడి కెలికినట్టు ఉంటుంది. సువర్ణ బీఎస్సీ చదివింది. ఆమె అక్షరాలు తల దువ్వుకుని, బొట్టు పెట్టుకుని, వరసలో నిలబడ్డట్టుంటాయి. అందుకని ఆయన చెప్తుంటే ఆమె రాసింది.

ఒక ఆదివారం పొద్దున, ఇద్దరి మధ్యా బొరుగుల ఉగ్గాని, బజ్జీల పళ్ళెం. కిటికీలోంచి ఎండ సరిగ్గా కాగితం మీద పడుతోంది. సువర్ణ స్కేలు పెట్టి మార్జిన్ గీస్తూ, "మన ఇద్దరి మొదటి పుస్తకం కదండీ ఇది" అంది. సారు ముఖం వెలిగిపోయింది. ఇంతమంది చేతుల్లో తిరిగాను కానీ, ఒక నోట్సు రాస్తూ అంత సంబరపడిన మనుషుల్ని మళ్ళీ చూడలేదు.

అద్దాల పాఠం వచ్చింది.

"వస్తు దూరం ముందు ఎప్పుడూ మైనస్ పెట్టాలి. మర్చిపోవద్దు. అంతే, రాయి" అన్నారు సారు.

"ఎందుకు పెట్టాలో రాయొద్దా? అద్దం, ఎదురుగా కొవ్వొత్తి, ఒక బాణం గుర్తు. చిన్న బొమ్మండీ, నేను గీస్తా కదా."

"బొమ్మ గీస్తే దాని కింద వివరం రాయాలి. వివరం రాస్తే ఇంకో పేజీ అవుతుంది. పేజీలు పెరిగితే చూసి జడుసుకుంటారు. వీళ్ళు సి గ్రూపు, సువర్ణా."

"సి అయితే బుర్ర ఉండదా ఏం?"

"బుర్ర ఉంటుంది, టైము ఉండదు. మనకు కావల్సింది ముప్పై ఐదు."

"మీకు కావల్సిందా, వాళ్ళకు కావల్సిందా?"

సారు నవ్వి ఒక బజ్జీ ముక్క ఆమె నోట్లో పెట్టారు. ఆమె కూడా నవ్వేసింది. బజ్జీతో పాటు ఆ ప్రశ్న కూడా లోపలికి వెళ్ళిపోయింది. సారు అదే చేత్తో పేజీ పట్టుకున్నారు. మార్జిన్ అవతల, ఖాళీ చోట, ఆయన బొటనవేలి నూనె మరక పడింది. "అయ్యో, నా పుస్తకం!" అని సువర్ణ ఆయన చెయ్యి మీద కొట్టింది. తర్వాత జిరాక్సు మిషన్ ఆ మరకను కూడా శ్రద్ధగా అచ్చేసింది. అందుకే నాకూ, నా తోబుట్టువులందరికీ అద్దాల పేజీలో ఒకేచోట బూడిదరంగు పుట్టుమచ్చ ఉంటుంది. అవును, నేను నకలునే. మిషన్‌లోంచి వెచ్చవెచ్చగా బయటపడి, స్టాప్లర్ పిన్ను వెన్నులో దిగినప్పుడు, 'నేను ఒక బిడ్డను గట్టెక్కించబోతున్నాను' అని మురిసిపోయాను. ఆ మురిపెం తలుచుకుంటే ఇప్పుడు ఒళ్ళు మండుతుంది.

ఆ స్కూల్లో మూడు రకాల నోట్సులుండేవి. 'ఏ' గ్రూపు నోట్సు లావుగా, సూత్రం వెనక కారణం, కారణం వెనక బొమ్మ, బొమ్మ కింద కష్టమైన లెక్కలు, అన్నీ పెట్టుకుని దర్జాగా ఉండేది. బి గ్రూపుది మధ్యరకం. నేను అన్నిటికన్నా చిన్నదాన్ని. 'ఏ' గ్రూపు వాళ్ళు మార్కులు తేవాలి. సి గ్రూపు వాళ్ళు ఫెయిలవకూడదు. సి గ్రూపు పిల్లల్ని టీచర్లు దత్తత కూడా తీసుకున్నారు. దత్తత అంటే అన్నం పెట్టి ఇంట్లో ఉంచుకోవడం కాదు, తెల్లారగానే ఫోన్ చేసి "లేచినావా, చదువుతాండావా?" అని అడగడం. హెడ్మాస్టరు ప్రార్థన దగ్గర రోజూ ఒకటే మాట: "ఈ ఏడు నూటికి నూరు శాతం పాసు కావల్ల. ఒక్కరు తప్పినా మండలంలో తలెత్తుకోలేం." తల ఎత్తుకోవడం కోసం పిల్లల తలల్ని ఎంత ఎత్తులో ఉంచాలో ఆయన ముందే కొలిచిపెట్టుకున్నారు.

నేను ఎవరి చేతికి వెళ్ళానో ఇప్పుడు చెప్తాను.

ఆ పల్లెల్లో పత్తి అయిపోగానే సగం ఊరు సుగ్గికి పోతుంది. సుగ్గి అంటే వలస. కూలీలను కుదిర్చే మేస్త్రీ పంపిన లారీలో వంట గిన్నెలు, పరుపు చుట్టలు, పిల్లలు, కోళ్ళతో సహా గుంటూరు వైపు మిరపకాయలు కోయడానికి వెళ్ళి, ఎండలు ముదిరాక తిరిగొస్తారు. సుంకమ్మ ఆ ఏడు అమ్మానాయనలతో పోయింది. తొమ్మిదో తరగతి దాకా క్లాసులో లెక్కలు మొదట ముగించి పలక మీద చూపించినట్టు పుస్తకం ఎత్తి చూపే పిల్ల. పోనని ఏడ్చినా, "ఒక చెయ్యి తక్కువైతే మేస్త్రీ ఒప్పుకోడు" అని నాయన ఈరన్న లాక్కుపోయాడు. ఆమె మిరపచేలో ఉండగా బళ్ళో పరీక్షలు జరిగాయి. రానివాళ్ళ పేర్ల ఎదుట సున్నాలు పడ్డాయి. ఆ సున్నాలన్నీ కూడి గ్రూపులు కట్టారు. పరీక్ష రాయని పిల్లా, రాసి ఏమీ రాని పిల్లా కాగితం మీద ఒక్కటైపోయారు. కొత్తగా వచ్చిన నాగేశయ్య సారుకు అంతకుముందు సుంకమ్మ ఎవరో తెలియదు.

చలి తగ్గేవేళకు ఆమె తిండి మాని, అలిగి, ఒంటరిగా రైలెక్కి అవ్వ దగ్గరికి తిరిగొచ్చింది. బడికి వచ్చిన మొదటి రోజే సారు నన్ను ఆమె చేతిలో పెట్టారు.

"సి గ్రూపు వాళ్ళంతా వరండాలో కూచోండి. సుంకమ్మా, నువ్వూ పో."

"సార్, నేను సి కాదు సార్."

"లిస్టులో ఉండావు కదమ్మా."

"సుగ్గికి పోయినా సార్. పరీక్షలు రాయలేదు. రాయలేదని సున్నా వేసినారు."

"రాయకుంటే సున్నానే వేస్తారు. ఇంకేం వేస్తారు?"

క్లాసంతా గొల్లుమంది. వెనక బెంచీలోంచి ఎవడో "సున్నా సుంకమ్మా!" అన్నాడు. ఆ పేరు పరీక్షల దాకా ఆమెను వదల్లేదు. సారు వాడిని మందలించారు. మంచి మనిషే. "బాధపడొద్దమ్మా. ఇదొక్కటి బాగా చదువు. నిన్ను పాస్ చేయించే పూచీ నాది" అన్నారు. సుంకమ్మ నన్ను అరచేతిలో పెట్టి తూచినట్టు చూసింది. ఎంత తేలికగా ఉన్నానో నాకు అప్పుడే మొదటిసారి తెలిసింది.

అయినా ఆమె నన్ను అవమానించలేదు. ఇంటికి వెళ్ళగానే పాత క్యాలెండరు కాగితం తీసి, నున్నటి తెల్లవైపు పైకొచ్చేట్టు అట్ట వేసింది. మూలలు మడిచి, జిగురు లేక అన్నం మెతుకులతో అంటించింది. ఆ మెతుకుల తడి, ఆ చిన్న వేళ్ళ ఒత్తిడి నాకు భలే హాయిగా అనిపించాయి.

"ఏమ్మే, పెండ్లికూతురికి చేసినట్టు చేస్తాండావు. ఆ కాగితాల్లో ఏముండాది?" అంది అవ్వ రాగులు చెరుగుతూ.

"ఏమీ లేదవ్వా. అదే కదా బాధ!" అంది సుంకమ్మ. తర్వాత అవ్వకు గుంటూరు సంగతి చెప్పింది. మిరప బస్తాలు దాచే కోల్డ్ స్టోరేజీలో కరెంటు పోతే, నీలం చొక్కా వేసుకున్న ఒకమ్మాయి స్క్రూడ్రైవరు పట్టుకుని వచ్చిందట. మగవాళ్ళంతా పక్కకు తప్పుకున్నారట. పెద్ద ఇనుప పెట్టె తెరిచి ఏదో బిగించగానే కొండంత గది మళ్ళీ గుర్రుమని చల్లబడిందట. "అక్కా, నువ్వేం చదివినావని అడిగినా. పాలిటెక్నిక్ అనె. పదో తరగతి లెక్కలూ సైన్సూ బాగా వస్తే చాలంట. నేనూ రాస్తానవ్వా."

అవ్వకు ఇనుప పెట్టె సంగతి అర్థం కాలేదు గానీ, మగవాళ్ళు పక్కకు తప్పుకోవడం బాగా నచ్చింది. "తప్పుకున్యారా? అందరూనా?" అని మళ్ళీ మళ్ళీ అడిగి చెప్పించుకుంది.

వారానికోసారి పక్కింటి వాళ్ళ ఫోన్‌కు ఈరన్న చేసేవాడు. అతను చెడ్డవాడు కాదు. తాను కోసిన బస్తాల బరువు తప్ప ఇంకే లెక్కా తనదని చెప్పుకోలేని మనిషి. ఒకరోజు ఖచ్చితంగా చెప్పేశాడు.

"ఇనుమ్మా. నువ్వు చెప్పిన సీటొస్తే నీ దావన నువ్వు పో, హాస్టల్లో ఉండు, నేను అడ్డం రాను. రాకపోతే మాత్రం వచ్చే సుగ్గికి మా తోడు రావల్ల. మళ్ళా ఏడవగూడదు."

"ఏడవను నాయనా. వస్తాది సీటు."

ఆ రోజు నుంచీ నేను నిద్రలో కూడా ఉలిక్కిపడేదాన్ని. స్కూలుకు కావల్సింది పాసు. ఈ పిల్లకు కావల్సింది సీటు. పాసు నా దగ్గర దండిగా ఉంది. సీటు నా దగ్గర లేదు. ఆ మాట చెప్పడానికి నోరు లేదు. కాగితానికి ఇన్ని అక్షరాలుండి ఏం లాభం?

కొద్దిరోజుల్లోనే ఆమె నన్ను ఔపోసన పట్టేసింది. మధ్యగతం సూత్రం, వర్గ సమీకరణం, తప్పకుండా వస్తుందన్న గ్రాఫు, అన్నీ కళ్ళు మూసుకుని చెప్పేది. అక్కడితో ఆగి ఉంటే నన్ను రాసినవాళ్ళ లెక్క సరిపోయేది. కానీ ఆమె పెన్సిల్ పట్టుకుంది. 'ఇది ఇలాగే రాయాలి' అని నేను గట్టిగా చెప్పిన ప్రతిచోటా, పక్కన చిన్న అక్షరాలతో 'ఏంటికి?' అని రాయడం మొదలుపెట్టింది. అద్దాల పేజీలో, ఆ బూడిదరంగు మరక కిందనే, అన్నిటికన్నా గట్టిగా నొక్కి రాసింది: 'మైనస్ ఏంటికి?' అదుముడుకు అవతలి పేజీ దాకా గాడి పడింది. నా బతుకులో నన్ను అంత మర్యాదగా చూసినవాళ్ళు లేరు. జవాబు ఉంటుందని నమ్మి అడిగింది కదా!

మరునాడు వరండాలో సారును పట్టుకుంది. ఆయన చేతిలో ఫోన్, అవతల ఎవరో అధికారి. ఎంతమంది సి గ్రూపులో గట్టెక్కుతారో అంచనా పంపమంటున్నారు.

"సార్, వస్తు దూరానికి మైనస్ ఏంటికి పెట్టాల్ల సార్?"

"పెట్టాలమ్మా. అన్ని లెక్కల్లో పెట్టాలి."

"అదే సార్, ఏంటికి? వస్తువు ముందరే ఉంటాది కదా. దూరం మైనస్ ఎట్లయితాది?"

సారు ఫోన్ మీద చెయ్యి అడ్డం పెట్టారు. "ఏంటికని అడిగితే మార్కులు రావు తల్లీ. మైనస్ పెడితే వస్తాయి. పో, గ్రాఫు ఇంకోసారి గీసి చూపించు."

ఆమె వెళ్ళి గ్రాఫు గీసింది. తప్పు లేకుండా గీసింది. సారు దాన్ని ఫొటో తీసి అధికారికి పంపారు.

ఆమె పాఠ్యపుస్తకాలు సుగ్గి గుడిసెలోనే తడిసి పాడైపోయాయి. అప్పుడామె హరితను అడిగింది. హరిత ఎరువుల దుకాణం వాళ్ళమ్మాయి, 'ఏ' గ్రూపు, పక్క వీధే. "రేప్పొద్దున ప్రార్థనకు ముందే ఇచ్చేయ్. లేకుంటే మా నాయన తోలు తీస్తాడు" అంటూ లావు నోట్సు ఇచ్చింది. ఆ సాయంత్రం నన్ను పక్కన పెట్టి ఆ లావుదాన్ని తెరిచింది సుంకమ్మ. నాకు అసూయ కలగాలి. కలగలేదు. ఆకలిగా ఉన్న బిడ్డ పక్కింట్లో అన్నం తింటుంటే ఏ తల్లికైనా సిగ్గు వేస్తుంది, అసూయ వేయదు. లెక్కల పాఠాలు తిరగేసి, కొన్ని తన పుస్తకంలోకి ఎక్కించుకుని, అద్దాల పాఠం పొద్దున బళ్ళో చూద్దామని మడత పెట్టుకుంది.

పొద్దున వరండాలో కూర్చుని ఆ పేజీ తీసిందో లేదో, సారు వచ్చారు.

"ఇది నీదా?"

"హరితది సార్. ఇప్పుడే ఇచ్చేస్తా."

"ఇది చదివితే గందరగోళమైపోయి ఉన్నది కూడా మర్చిపోతావమ్మా. పరీక్షలు ముందరున్నాయి. నువ్వొక్కదానివి ఫెయిలైతే స్కూలుకంతా మచ్చ."

"ఫెయిల్ కాను సార్. నాకు పాసు చాలదు సార్, సీటు కావల్ల."

సారు నిజంగానే జాలిగా నవ్వారు. "ముందు పాస్ కా తల్లీ. పాసైనాక మాట్లాడుకుందాం" అని లావు నోట్సు చంకలో పెట్టుకుని వెళ్ళిపోయారు. ఆ సాయంత్రమే ఎవరి నోట్సు వాళ్ళే చదవాలని మూడు గ్రూపుల్లోనూ చెప్పారు. హరిత మళ్ళీ ఇవ్వలేదు, పాపం ఆమెకూ భయమే. కోపంతో కొట్టినవాళ్ళను తిట్టుకోవచ్చు. జాలితో తలుపు వేసేవాళ్ళను ఏమనాలో నాకు ఇప్పటికీ తెలియదు.

పరీక్షలు పక్క ఊళ్ళో. పిల్లల సంచులన్నీ గేటు బయట గోడవార కుప్పపోశారు. ఆ కుప్పలో 'ఏ' గ్రూపు నోట్సులు, బి గ్రూపు నోట్సులు, నేను, అన్నం డబ్బాలు, చెప్పులు, అందరం ఒకటే. భౌతికశాస్త్రం రోజు లోపలినుంచి గంట మోగింది. పిల్లలు గుంపుగా బయటికొచ్చారు. సి గ్రూపు పిల్లలు ఎగిరి గంతేస్తున్నారు. "మన మెటీరియల్‌లోవే వచ్చినాయి రా, గట్టెక్కినట్టే!" అని సారుకు ఫోన్ చేస్తున్నారు. నాకూ ఒక క్షణం గర్వమేసింది.

సుంకమ్మ నడుచుకుంటూ వచ్చి, సంచిలోంచి నన్ను లాగి, గోడకానుకుని అద్దాల పేజీ తీసింది. దర్పణాల లెక్కల్లో గుర్తులు ఎలా నిర్ణయిస్తారో కారణాలతో, పటం గీసి వివరించమని అడిగారట. పేజీ అంతా వేలు పెట్టి వెతికింది. వెనక పేజీ చూసింది. మొదటికి వెళ్ళి మళ్ళీ చివరిదాకా తిప్పింది, ఎక్కడైనా పొరపాటున చూడకుండా వదిలేశానేమోనని. నాలో లేనిదాన్ని నాలో వెతుకుతున్న ఆ వేలు గరుకుగా ఉంది, చివరన ఇంకా మిరప మంట మిగిలిన వేలు. చివరికి నన్ను మూసి, అట్ట మీద దుమ్ము తుడిచి సంచిలో పెట్టుకుంది. నన్ను విసిరికొట్టి ఉంటే బాగుండేది.

పాలిటెక్నిక్ ప్రవేశ పరీక్ష కూడా రాసింది. అదీ అవే లెక్కలు, అదే భౌతికశాస్త్రం. కాకపోతే అక్కడ అడిగినవన్నీ 'ఏంటికి' రకం ప్రశ్నలే. నన్ను సన్నగా చేయడానికి ఏవి కోసి పారేశారో, సరిగ్గా వాటితోనే ఆ కాగితం నింపినట్టుంది.

ఫలితాల రోజు బడి ముందు షామియానా వేశారు. 'నూటికి నూరు శాతం' అని ఫ్లెక్సీ. అందులో హెడ్మాస్టరు ఫొటో పెద్దది, నాగేశయ్య సారుది కొంచెం చిన్నది, హరితది ఇంకొంచెం చిన్నది. సుంకమ్మ కూడా పాసైంది. లెక్కల్లోనూ సైన్సులోనూ నాలో ఉన్నదెంతో మార్కులూ అన్నే వచ్చాయి, కాస్త అటూ ఇటుగా. ప్రవేశ పరీక్షలో మాత్రం సీటుకు ఆమడ దూరంలో ఆగిపోయింది. హెడ్మాస్టరు సి గ్రూపు పిల్లల్ని వరసలో నిలబెట్టి ఒక్కొక్కరి నోట్లో లడ్డు పెడుతున్నారు. పక్కన ఫొటోలు తీసే మనిషి.

"ఏడుపు మొహమేంటికమ్మా? పాసైనావు కదా!"

"సీటు రాలేదు సార్."

"సీటు సంగతి తర్వాత. పాసైనావా లేదా?"

"పాసైనా సార్."

"మరింకేం! ఇటు చూడు. నవ్వు."

లడ్డు నోట్లో పెట్టారు. నోరు నిండిపోయింది కనక ఇంకేమీ అనలేకపోయింది. ఫొటో బాగా వచ్చిందని చెప్పుకున్నారు. నోట్లో తీపి పెట్టి ప్రశ్న మింగించడం నేను పుట్టిన రోజునుంచీ చూస్తున్నదే.

వచ్చే ఏడాది పిల్లలకు పనికొస్తాయని పాత నోట్సులు వెనక్కి తీసుకున్నారు. నన్ను ఇస్తూ సుంకమ్మ అంది: "సార్, పెన్సిల్‌తో రాసినా దీంట్లో. రుద్దేయాల్నా?"

"ఏం పర్వాలేదులేమ్మా." సారు అట్ట చూసి మెచ్చుకున్నారు. "ఎంత శుభ్రంగా పెట్టుకున్నావు! ఇంటర్లో చేరరాదూ?"

"మేస్త్రీకి నా పేరు చెప్పేసినాడు సార్, మా నాయన. సీటు రాకుంటే పోతానని నేనే ఒప్పుకున్యా కదా."

ఇంతలో ఎవరో ఆయన్ను అభినందించడానికి వచ్చారు.

ఆ శుభ్రమైన అట్టే నా జాతకం మార్చింది. మళ్ళీ చలికాలం వచ్చేసరికి జిల్లా విద్యా ప్రదర్శనకు నన్ను ఎంపిక చేశారు. కర్నూలులో పెద్ద హాలు, టేబుల్ మీద పట్టుగుడ్డ, దాని మీద నేను, నా వెనక 'నూరు శాతం రహస్యం' అని బోర్డు. అధికారులు వచ్చి నా అట్ట మీద చెయ్యి వేసి ఫొటో దిగారు. ఒక్కరూ నన్ను తెరవలేదు. మొదటి బహుమతి ఇచ్చారు. జిల్లాలో అన్ని బళ్ళకూ పంచాలని, నా మాతృకను, సువర్ణ రాసిన మొదటి ప్రతిని, అచ్చుకు పట్టుకుపోయారు.

మధ్యాహ్నం సువర్ణ వచ్చింది. కొత్త చీర, కొప్పులో కనకాంబరాలు. పెళ్ళయి ఏడాది దాటినా భర్త పక్కన నడుస్తుంటే ఇంకా కాలు నేల మీద ఆనడం లేదు. "ఏదండీ మన పుస్తకం?" అంటూ వచ్చి, ఎవరూ చేయని పని చేసింది. నన్ను తెరిచింది.

తన అక్షరాలు చూసుకుని చిన్నపిల్లలా మురిసిపోయింది. పేజీలు తిప్పుతూ అద్దాల పాఠం దగ్గర పకపకా నవ్వింది. "ఇదిగో, మీ బజ్జీ వేలు! జిరాక్సులో కూడా పడింది చూడండి."

ఆ వేలిముద్ర కిందే పెన్సిల్ రాత ఉంది. ఆమె నవ్వు అక్కడ ఆగింది. వెనక్కి తిప్పింది, ముందుకు తిప్పింది. ఎక్కడ చూసినా 'ఏంటికి?', 'ఏంటికి?'

"ఎవరిదండీ ఇది?"

"సుంకమ్మ అని, సి గ్రూపు పిల్ల. పాసైంది."

"ఇప్పుడేం చదువుతోంది?"

సారు పట్టుగుడ్డ అంచు సర్దారు. "సుగ్గికి పోయింది."

సువర్ణ హ్యాండ్‌బ్యాగులోంచి పెన్ను తీసింది. "ప్రదర్శనలో పెట్టినదాని మీద గీస్తావేంటి? ఎవరైనా చూస్తారు" అన్నారు సారు. ఆమె తలెత్తలేదు. సుంకమ్మ ప్రశ్న పక్కన ఒక అద్దం గీసింది, ఎదురుగా కొవ్వొత్తి, కొవ్వొత్తి నుంచి అద్దానికి ఒక బాణం. కింద రాసింది: 'వెలుతురు కొవ్వొత్తి నుంచి అద్దం వైపు వస్తుంది. మనం దూరాన్ని అద్దం దగ్గర మొదలుపెట్టి కొవ్వొత్తి వైపు కొలుస్తాం. వెలుతురు వచ్చే దారికి ఎదురు వెళ్ళి కొలుస్తున్నాం కనుక మైనస్.' రాసి, సిరా ఆరేదాకా ఊదింది. నన్ను మూసి పట్టుగుడ్డ మీద పెట్టి, భర్త కోసం ఆగకుండా బయటికి నడిచింది.

ఇప్పుడు నేను బడి ఆఫీసు గదిలో, బహుమతి పత్రం పక్కన, అద్దాల బీరువాలో ఉంటున్నాను. అచ్చయిన నా పిల్లలు జిల్లా అంతటా ఉన్నారు. వాళ్ళందరిలోనూ 'మైనస్ పెట్టాలి, మర్చిపోవద్దు' అనే ఉంది. అచ్చువాళ్ళు బజ్జీ మరకను కూడా తుడిచేశారట. మా అందరిలో జవాబు నా ఒక్కదాని దగ్గరే ఉంది. అడిగిన పిల్ల ఈ పూట ఏ చేలోనో వంగి మిరపకాయలు కోస్తుంటుంది.

ఆ బొమ్మా, దాని కింది మూడు వాక్యాలూ కలిసి ఎంత చోటు తీసుకున్నాయో చెప్పనా? కొత్త పేజీ అక్కర్లేకపోయింది. మార్జిన్ అవతల, మరక చుట్టూ మిగిలిన ఖాళీలోనే సరిపోయాయి. ఆ ఖాళీ మొదటి రోజు నుంచీ నాలో ఉంది.